సుద్దగీత గడప దాటిన రోజు

(హైదరాబాదులో ఒక అపార్టుమెంటు కమ్యూనిటీ హాలులో, 2026 ఉగాదికి ముందు ఆదివారం, బాల్కనీలో పూలమొక్కలు పెంచుకునేవాళ్ళు కలుసుకున్నప్పుడు ఒక రిటైర్డ్ సోషల్ టీచరు మాట్లాడిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? 31 ఏళ్ళు మైకు లేకుండానే క్లాసుకి 60 మందికి పాఠం చెప్పాను. ఇప్పుడు గొంతు కాస్త తగ్గింది, అందుకని మైకు పట్టుకున్నాను.

నన్ను వసంతం గురించి మాట్లాడమన్నారు. వసంతమనగానే మనకి మామిడి చిగురు, కోయిల. మా ఐదో అంతస్తులో మామిడి చెట్టు లేదు. కోయిల కూత వినపడుతుంది గానీ పిట్ట కనపడదు. పోనీ క్యాలెండరు చూద్దామా అంటే, ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, నిరుడు మార్చి 30న, ఈ ఏడు మార్చి 19నే వచ్చేస్తోంది. రేపు వేసవిలో అధిక జ్యేష్ఠం పడుతుంది కాబట్టి వచ్చే ఏడు మళ్ళీ ఏప్రిల్ 7కి పోతుంది. మన గేటు పక్క వేపచెట్టుకి ఈ లెక్కలు తెలియవు. 2024 ఉగాదికి నా బాల్కనీ నిండా వేపపువ్వు రాలి, చీపురుతో ఊడ్చి ఎత్తాను. నిన్న సాయంత్రం వెళ్ళి చూశాను, ఎక్కువ కొమ్మలు ఇంకా మొగ్గ మీదే ఉన్నాయి. పచ్చట్లోకి కావలసిన వాళ్ళు ఎండ తగిలే పడమటి కొమ్మ చూసుకోండి, అక్కడ నాలుగు రెమ్మలు విచ్చాయి. నేను చెప్పానని అందరూ ఒక్కసారే పోకండి. (నవ్వులు)

అన్నట్టు, రాబోయేది పరాభవ నామ సంవత్సరం. పేరు విని భయపడకండి, మొక్కలకి పరాభవాలు మామూలే.

సరే, మరి వసంతం వచ్చిందని నాకెలా తెలిసిందంటే, సుద్దముక్కతో తెలిసింది.

మా బాల్కనీ దక్షిణం వైపు. లోతు 5 అడుగులు, ముందు ఇనప గ్రిల్లు, పైన 9 అడుగుల ఎత్తులో పై ఇంటివాళ్ళ బాల్కనీ శ్లాబు. మొన్న డిసెంబరు 21న మధ్యాహ్నం, ఎండ లోపలికి ఎంతవరకు వచ్చిందో అక్కడ నేల మీద ఒక గీత గీశాను. ఎక్కడికి వచ్చిందనుకున్నారు? బాల్కనీ దాటి, గడప దాటి, హాల్లోకి. గ్రిల్లు దగ్గర్నుంచి కొలిస్తే 8 అడుగులకి కాస్త తక్కువ. సోఫా కాళ్ళ దగ్గర. టైల్సు మీద సుద్దగీతేంటని మా కోడలు అడిగింది, ముగ్గనుకో అన్నాను.

ఇందులో మాయేం లేదు. ఎనిమిదో తరగతి పాఠమే. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న సూర్యుడు మకరరేఖ మీద ఉంటాడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం కూడా మనకి 49 డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు. వాలుగా ఉంటాడు కనక శ్లాబు కింద నుంచి ఇంట్లోకి దూరతాడు. మార్చి 21కి 72 డిగ్రీలు దాటతాడు. మే 9 నాటికి సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు, ఆ మధ్యాహ్నం నిలువు కర్రకి నీడ పడదు. ఇదంతా గ్లోబు తిప్పుతూ ఎంతమంది పిల్లలకి చెప్పానో. చెప్పినంత కాలం అది నా బాల్కనీకి వర్తిస్తుందని తట్టలేదు. అప్పట్లో నాకు బాల్కనీ లేదు లెండి, దొడ్డి ఉండేది. దొడ్లో మొక్కకి పైన శ్లాబు ఉండదు కదా.

సంక్రాంతికి మళ్ళీ గీత గీశాను. అర అడుగు కదిలింది, అంతే. ఉత్తరాయణం వచ్చేసిందని మనం పండగ చేసుకున్నాం గానీ నేల మీద ఎండ కదలనట్టే ఉంది. రథసప్తమికి, అంటే జనవరి 25న, ఆరున్నర అడుగుల దగ్గరికి వచ్చింది. అక్కణ్ణుంచి చూడండి దాని నడక! శివరాత్రికి, ఫిబ్రవరి 15న, 5 అడుగుల చిల్లర. అంటే ఆ రోజు మధ్యాహ్నపు ఎండ మా ఇంట్లోంచి బయటికి నడిచి, గడప దగ్గర నిలబడింది. ఇవాళ మూడడుగుల పైచిలుకు. రథసప్తమికి రథం మళ్ళుతుందని మా అమ్మమ్మ అనేది. డిసెంబరులోనే తిరిగిన సూర్యుణ్ణి వీళ్ళు ఇంత ఆలస్యంగా ఎందుకు మళ్ళించారా అని నేను పుస్తకాలు చదివిన తెలివితో నవ్వుకునేదాన్ని. తిరగడం డిసెంబరులోనే, కంటికి ఆనడం మాత్రం అప్పుడే. వాళ్ళు కంటితో చూసి చెప్పారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా ఇంట్లో ఎండ కూడా దాంతో పాటే గడప దిగి పోయింది. నా లెక్కలో వసంతం వచ్చిన రోజు అదే.

ఇది ఎందుకింత సాగదీసి చెప్తున్నానంటే, ఈ హాల్లో కనీసం పదిమంది నన్ను లిఫ్టులో ఆపి ఒకే మాట అడిగారు: "టీచరుగారూ, మా మల్లె పూయడం లేదండీ." దక్షిణం వైపు వాళ్ళే ఎక్కువ. వెళ్ళి చూస్తే కుండీ గోడకి ఆనించి ఉంటుంది. డిసెంబరులో అక్కడ ఎండ బాగా వస్తోందని పెట్టారు. నిజమే, అప్పుడు వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నపు ఎండ అక్కడికి రాదు. మల్లెకి రోజుకి ఐదారు గంటల ఎండ లేకపోతే ఆకు వేస్తుంది, తీగ సాగుతుంది, మొగ్గ మాత్రం వెయ్యదు. సుద్దగీత వెనక్కి జరిగిన కొద్దీ కుండీ గ్రిల్లు వైపు జరగాలి. ఎరువు తర్వాత. ముందు జరపండి.

తూర్పు, పడమర వాళ్ళకి ఈ బాధ తక్కువ. ఉత్తరం వైపు వాళ్ళది మాతో పూర్తిగా తిరగేసిన సంవత్సరం. చలికాలమంతా నేరుగా ఎండ మొహం చూడరు. ఈ వారం దాటాక పొద్దున్నే తూర్పు మూల నుంచి ఒక చార వాలుగా మొదలవుతుంది, మే, జూన్, జులైల్లో బాగా వస్తుంది. మల్లె పెట్టుకునే వాళ్ళు ఆ తూర్పు మూల గ్రిల్లు పక్క పెట్టి చూడండి. పూత మాకంటే ఆలస్యంగానే వస్తుంది, మొక్కని తిట్టకండి.

మల్లె దగ్గర ఇంకాసేపు ఆగుతాను, ఏమీ అనుకోకండి. మా అమ్మమ్మగారిది మైలవరం పక్కన ఊరు. ఆ చుట్టుపక్కల మల్లెతోటలు చూసినవాళ్ళకి తెలుస్తుంది, కార్తీకం వెళ్ళాక ఆ తోటలు ఎండిపోయినట్టుంటాయి. ఎండబెడతారు! నీళ్ళు పెట్టడం ఆపేస్తారు. ఆకు దూసేస్తారు. తర్వాత కత్తిరించి, పాదుల్లో మట్టి గుల్ల చేసి, పెంట వేసి, అప్పుడు తడి ఇస్తారు. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడు ఆ మోడు తోట చూసి నాకు ఏడుపొచ్చేది. ఎందుకిలా చేస్తారంటే, మల్లె పాత కొమ్మకి పూయదు. ఆ ఏడాది వేసిన లేత కొమ్మ చివరే మొగ్గ. పాత ఆకు మోసుకుంటూ కూర్చుంటే కొత్త చిగురు ఆలస్యం. బాల్కనీలో మనం చేసే తప్పు సరిగ్గా ఇక్కడే. పచ్చగా ఉంది కదా, పాపం కత్తిరించడమెందుకని వదిలేస్తాం. నేను రెండేళ్ళు వదిలేశాను. రెండేళ్ళూ వేసవి మొత్తానికి దోసెడు పూలు రాలేదు.

మూడో ఏడు డిసెంబరులో నీళ్ళు బాగా తగ్గించి, సంక్రాంతి మర్నాడు మూడోవంతు కొమ్మ కోసేసి, మిగిలిన ఆకు చేత్తో దూసేశాను. పని మనిషి చూసి "చచ్చిపోయిందా అమ్మా, పారేయమంటారా" అంది. ఫిబ్రవరి మొదటి వారంలో కణుపుల దగ్గర ఆవగింజంత ఎర్రటి పొడుపులు. శివరాత్రికి వేలెడు చిగుళ్ళు. మొన్న మంగళవారం మొదటి మొగ్గలు లెక్కపెట్టాను, 17. ఇప్పుడైనా కొంచెం చివర్లు తుంచి, ఎండలోకి జరిపి, గుప్పెడు పశువుల ఎరువు వేస్తే ఏప్రిల్ మధ్యకి మొగ్గ చూస్తారు. పూర్తి కత్తిరింపు ఇప్పుడు వద్దు, ఎండలు ముదురుతున్నాయి.

మొగ్గ ఎప్పుడు కోయాలని అడుగుతున్నారా? సాయంత్రం నాలుగు, నాలుగున్నరకి చూడండి. ఆకుపచ్చ ఛాయ పోయి, పాలు పోసినట్టు తెల్లగా, బొద్దుగా కనిపించినవి ఆ రాత్రికి విచ్చుతాయి. పచ్చగా ఉన్నవి కోస్తే విచ్చవు, తలలో గట్టిగా గుచ్చుకుంటాయి అంతే.

మల్లె పక్కనే జాజి కుండీ ఉంది మా ఇంట్లో. దానికింకా ఏ సందడీ లేదు. మన అలంకార శాస్త్రంలో ఒక కవిసమయం, అంటే కవులు పాటించే కట్టుబాటు ఉంది, వసంతంలో జాజి పూసినట్టు వర్ణించకూడదని. బీయే చదివేటప్పుడు తెలుగు మాస్టారు చెప్తే, ఇదేం నియమం, పువ్వుకి కూడా ఆంక్షలా అనుకున్నాను. జాజి పెంచాక అర్థమైంది. వేసవిలో ఒకటీ అరా విచ్చినా, అది నిండుగా పూసేది వానలు పడ్డాకే. కోయిల మామిడి చిగురు తిని కూస్తుందని కూడా కవులు అన్నారు, అది మాత్రం నేను ఒప్పుకోను. కోయిల ప్రధానంగా పళ్ళు తినే పిట్ట. మన పార్కింగు వెనక రావిచెట్టు మీదికి వచ్చేది ఆ పళ్ళ కోసమే.

వసంతమంటే అన్నీ మొదలవడమే అనుకోకండి. బాల్కనీలో సగం మొక్కలకి ఇది ముగింపు. గులాబీ చూడండి. డిసెంబరు, జనవరిల్లో అరచేతంత పూసింది, ఇప్పుడు నిమ్మకాయంత. రంగు కూడా వెలిసినట్టుంటుంది. చీడ కాదది, ఎండ. పెటూనియాలు ఇంకో పది రోజులు. బంతి ఎప్పుడో అయిపోయింది. చామంతి ఎండు పూలతో నిలబడి ఉంది, దాన్ని చూసి చాలామంది పెరికి పారేస్తారు. పారేయకండమ్మా! మొదట్లో మట్టి కాస్త పక్కకి తీసి చూడండి, చుట్టూ పచ్చగా పిలకలు వేసి ఉంటాయి. పాత కొమ్మ నేలకి జానెడు మీదికి కోసేసి, కుండీని నీడకి చేర్చండి. వేసవి గట్టెక్కిస్తే వానాకాలంలో విడదీసి నాటుకోవచ్చు.

చామంతి వెలుతురుని కాదు, చీకటిని లెక్కపెట్టుకుంటుంది. హైదరాబాదులో డిసెంబరు పగలు దాదాపు 11 గంటలు, జూన్ పగలు 13 పైన. రాత్రి పొడుగైతేనే చామంతికి మొగ్గ. మూడేళ్ళ క్రితం మనవడు చీకటంటే భయపడుతున్నాడని దీపావళి నుంచి బాల్కనీలో రాత్రంతా లైటు వేసి ఉంచాం. అందరి చామంతులూ పూశాయి, నావి మోకాలెత్తు పెరిగి ఆకులేసుకుంటూ కూర్చున్నాయి. ఎరువు మార్చాను, మందు కొట్టాను. కారణం బల్బు అని తెలిసేసరికి సంక్రాంతి వచ్చింది.

ఇక నాలుగో అంతస్తు అన్నయ్యగారి కాగితంపూలు మీరంతా కింద నుంచి చూస్తూనే ఉన్నారు. ఆయన ఊరెళ్ళి మూడు వారాలు నీళ్ళు పొయ్యలేదు, అందుకే అలా పూసింది. (నవ్వులు) నిజమండీ, బోగన్‌విలియాకి నీళ్ళు ఎక్కువైతే ఆకులే. దాహం తెలియాలి దానికి. మనం పువ్వనుకునే రంగు రేకులు అసలు ఆకులే. వాటి మధ్యలో తెల్లగా, గొట్టంలా, బియ్యపుగింజకి కాస్త పెద్దగా ఉండేవే పూలు. ఆ పేరు బోగన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడిది. ఆయనతో ఓడలో వెళ్ళిన కొమర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త 1767లో బ్రెజిల్‌లో రియో దగ్గర దీన్ని సేకరించి, తమ నాయకుడి పేరు పెట్టాడు. ఆ శాస్త్రవేత్తకి సహాయకుడిగా, మగవేషంలో ఓడెక్కిన ఒకావిడ ఉంది, జాన్ బారె. ఆడవాళ్ళని ఓడలో ఎక్కనివ్వని రోజులు. ఆ తర్వాత భూమి చుట్టూ తిరిగి వచ్చిన మొదటి స్త్రీగా ఆవిడ పేరు నిలిచింది. సోషల్ టీచరుని పిలిస్తే ఇలాంటివి వినక తప్పదు.

ఎడారి గులాబీ గురించి ఒక్క మాట. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతే, ఎండిపోతోందేమోనని నీళ్ళు పోసి పోసి నేను ఒకటి కుళ్ళబెట్టాను. దుంప పట్టుకుంటే పండిన బొప్పాయిలా మెత్తగా అయిపోయింది. రెండోదాన్ని జనవరి అంతా పట్టించుకోకుండా వదిలేశాను. ఇప్పుడు ఆకుకంటే ముందు మొగ్గలొచ్చాయి.

పూలు అలా ఉంచి, పురుగుల సంగతికొస్తాను. చిగురు పుట్టిన వారానికి పేనుబంక పుడుతుంది. మందారం, మల్లె లేత చివర్ల మీద పచ్చగానో నల్లగానో ముద్దలు ముద్దలుగా కనిపిస్తే కంగారుపడకండి, వసంతం వచ్చిందని దానిక్కూడా తెలిసింది. మొదటి రోజే వేపనూనె పట్టుకు పరిగెత్తవద్దని నా సలహా. నీళ్ళు గట్టిగా చిమ్మి కడగండి, నాలుగు రోజులు ఆగండి. అక్షింతల పురుగులు వస్తాయి. ఎర్రగా, వీపు మీద నల్ల చుక్కలతో ఉంటాయే, అవి. వాటి పిల్లలు మాత్రం చూడ్డానికి బాగోవు, చిన్న మొసళ్ళలా ఉంటాయి, అవే పేనుబంకని ఎక్కువ తినేవి. తెలియక వాటిని నలిపేస్తాం. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కలు సబ్బునీళ్ళు, ఎండ తగ్గాక కొట్టండి. మందారం కణుపుల్లో తెల్లగా దూదిలా ఉండే పిండినల్లికి మాత్రం నేనూ ఆగను, బ్రష్షుతో గీకేస్తాను.

కరివేపాకు కుండీలో ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళి కొత్త ఆకు మీద చూడండి. పిట్ట రెట్టలాంటిది అంటుకుని ఉంటే తుడిచేయకండి. కాసేపు చూస్తే కదులుతుంది. నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అది. శత్రువులు రెట్ట అనుకుని వదిలేస్తారని ఆ వేషం. ఇంకొంచెం పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటికి చాచి ఘాటు వాసన కొడుతుంది. మా మనవడికి దీనికి మించిన ఆట లేదు. పది రెమ్మల కరివేపాకు పోయిందని వాళ్ళమ్మ, పోతే కొనుక్కుందామని నేను.

పిట్టల్లో నేను ఎదురుచూసేది తేనెపిట్ట కోసం. చలికాలంలో మగపిట్టని గుర్తుపట్టలేం, పొట్ట పసుపు, గొంతు నుంచి కిందకి ఒక నల్ల చార. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పసుపు అక్కడక్కడా రాలి, నలుపు పొడుచుకొస్తూ, మాసికలు వేసిన బట్టలా ఉంటుంది. నెల తిరక్కుండా మొత్తం నల్లబడుతుంది, ఎండ పడితే ఊదా, నీలం మెరుస్తాయి. నిరుడు పావురాల బాధ పడలేక వల కట్టించాను. తేనెపిట్ట ఇక రాదని బెంగపడ్డాను. మూడో రోజు వల కన్నులోంచి దూరి వచ్చి నూరువరహాల గుత్తి మీద వాలింది. వారం తర్వాత ఆడపిట్ట మా బట్టలారేసే తీగకి గూడు మొదలుపెట్టింది. సాలెగూళ్ళు, ఎండాకులు, పీచు, మా చాప అంచు నుంచి లాగిన పోగు, అన్నీ ఆవిడే మోసింది. ఆయనగారు గ్రిల్లు మీద కూర్చుని పాడుతూ ఉన్నారు. పిల్లలు పుట్టాక తిండి తేవడానికి వచ్చాడు లెండి, అన్యాయంగా మాట్లాడకూడదు. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు. నెలరోజులు మా బట్టలు మేడ మీద ఆరాయి.

ఈ ఏడు ఇంకా గూడు పెట్టలేదు. తీగ ఖాళీగా ఉంచాను.

మూడో అంతస్తు వదినగారు చెయ్యెత్తారు. ఏంటమ్మా? నీళ్ళా? రోజుకెన్నిసార్లని నేను చెప్పలేను. వేలు రెండు కణుపులు మట్టిలో దించండి, పొడిగా తగిలితే పోయండి. శివరాత్రి దాకా రెండు రోజులకోసారి పోసేదాన్ని, ఇప్పుడు మట్టి కుండీలకి రోజూ, ప్లాస్టిక్ వాటికి రోజు విడిచి రోజు. ఏప్రిల్లో ఆకుపచ్చ నీడ వల కట్టుకోండి, పడమర వాళ్ళు ముందే.

ఇంక చాలు, టీ వచ్చేసినట్టుంది. తలుపు పక్క బల్ల మీద చామంతి పిలకలు 20 చిన్న కుండీల్లో తెచ్చాను. ఇంటికొకటి తీసుకోండి. మూడు రోజులు అసలు ఎండ చూపించకండి. తెలుపు, పసుపు, ఎర్రమట్టి రంగు, మూడు రకాలున్నాయి. ఏది ఏదో చీటీలు రాసి గుచ్చాను గానీ, కిందకి తెచ్చేటప్పుడు మా మనవడు చీటీలన్నీ పీకి పడవలు చేశాడు. కాబట్టి రంగు డిసెంబరులో చూసుకోండి. రాత్రి లైటు ఆర్పేయడం మర్చిపోకండి.